పాపారాయుడి కర్రకత్తి

1757 బొబ్బిలి యుద్ధాన్ని రాజమహేంద్రవరంలో శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రిగారు నాటకంగా రాశారు. గోదావరి పల్లెల్లో ఆ కథ ఆడాలంటే, తాండ్ర పాపారాయుడికి రాగం ఎంత అవసరమో వడ్రంగీ అంత అవసరం!

ఇనపకత్తి ఝళిపిస్తే పద్యం సగంలో భుజం జారుతుంది. ఎదుటివాడి చెవీ జారవచ్చు. అందుకే కర్రకత్తి. నా చిన్నప్పుడు మా ఊరి వడ్రంగి తాత పిడీ, కత్తీ ఒకే చెక్కలో తీసేవాడు. చెక్కలోని నార పిడినుంచి మొనదాకా నిలువుగా సాగాలి. అడ్డం తిరిగిందా, తొలిదెబ్బకే పుటుక్కుమంటుంది. నడుమ మందం ఉంచి, అంచులు బాడిసెతో పల్చన చేసి, చిత్రికపట్టి, మొన గుండ్రం చేసేవాడు. మైదా జిగురుతో వెండికాగితం అంటించడం పిల్లలం మా వంతు. దీపాల ముందు అది ఉక్కే!

ఒక ఏడు పెద్దలు తొందరపెట్టి ముడి ఉన్న చెక్కే ఇచ్చారు. తాత వద్దన్నాడు, వినలేదు. తీరా శత్రువుపై ఎత్తిన కత్తి రెండు ముక్కలైంది. జనం గొల్లున నవ్వారు. పాపారాయుడు ఉత్త పిడితోనే పద్యం ముగించాడు, పాపం. ముందు వరసలో తాత కండువా దులుపుకొని లేచిపోయాడు.

తెల్లారేసరికి వేషగాడి అరుగుమీద కొత్త కత్తి ఉంది. డబ్బిస్తే తాత పుచ్చుకోలేదు.