సంజీవనీ వర్ధనుల విగ్రహము: తెలుగు పత్రికలలో ఆక్షేపము, అపహాసము

ఆచారపక్షము నవలంబించి నిత్యము వాదమునకు నడుము బిగించు వార్తావ్యాఖ్యాతయు, అతనిని వెక్కిరించుటయే పనిగా పెట్టుకొన్న ప్రతిపక్షమును టెలివిజను కాలమున పుట్టినవని పలువురు తలంతురు. తెలుగునాట ఈ ద్వంద్వము పత్రికల బాల్యముననే కానవచ్చుచున్నది. 1871లో మదరాసున వెలువడిన ఆంధ్రభాషాసంజీవని ఒకవైపునను, 1874లో గోదావరీ తీరమున పుట్టిన వివేకవర్ధని రెండవవైపునను నిలిచి సలిపిన వాదము దానికి ప్రథమోదాహరణము. ఆ వాదమున ఆక్షేపమెంత, అపహాసమెంత, వానిలో ఏది ఫలించినది అను విషయమును ఇట పరిశీలింతము.

సంజీవనీ సంపాదకులు కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు (1842–1915). మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా నుండి, పిమ్మట మహామహోపాధ్యాయ బిరుదము నందినవారు. సంస్కృతమున గల నరకాసురవిజయ వ్యాయోగమును తెనిగించి, తెలుగు నాటకమునకు మార్గము చూపినవారిలో నొకరైరి. వర్ధనీ సంపాదకులు కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848–1919). చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభ మిత్రభేదములను మాత్రమే రచించి విడువగా, విగ్రహమను తంత్రమును ఈ యిరువురును వేర్వేరుగా తెనుగు వచనమున వ్రాసిరి. కావున వీరి వైరము విద్వాంసునకును అవిద్వాంసునకును నడుమ పుట్టినది కాదు. ఒకే గురుమార్గమున నడచిన యిద్దరు వచనకర్తలు స్త్రీవిద్య, వితంతు వివాహము మొదలగు విషయములందు విడిపోయిరి. ఈ సంగతి మరచినచో తక్కినదంతయు అపార్థమగును.

ఈ వాదము వ్యాపించిన దేశమును గూర్చియు కొంత చెప్పవలెను. నాడు ఏలూరు ప్రాంతము గోదావరి జిల్లాలో నుండెడిది. 1904లో కృష్ణా జిల్లాలో చేరి, 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడినపుడు దానికి ముఖ్యపట్టణమాయెను. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట వలన విజ్జేశ్వరము కడనుండి సాగిన కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరు చేరి, కృష్ణ కాలువతో కలిసినది. రైలు రాకమునుపు రాజమహేంద్రవరము నుండి బెజవాడకును, అటనుండి మదరాసునకును పోవు పడవలకు ఇదియే బాట. రెండు డెల్టాల నడుమ కొల్లేరున్నట్లే, మదరాసు సంజీవనికిని రాజమహేంద్రవరపు వర్ధనికిని నడుమ ఈ సీమ యున్నది. గోదావరి పడమటి యొడ్డున నున్న పోలవరపు మునసబు కోర్టులోని లంచములను వివేకవర్ధని బయటపెట్టినది. ఆ పత్రిక విమర్శకు ఈ ప్రాంతపు వ్యవహారములును విషయములైన వనుటకు ఇది నిదర్శనము.

అపహాసము ఈ జనులకు క్రొత్త కాదు. పగటివేషములలో సోమయాజులు సోమిదేవమ్మల వేషమును చూచి నవ్వినవారు, తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్కల మాటలకు మురిసినవారు, అచ్చులో అట్టి హాస్యము కానవచ్చినపుడు సులభముగా గుర్తింపగలిగిరి.

పత్రికలలో అపహాసము పేర్లతోనే మొదలైనది. కొక్కొండవారు తమ హాస్యపత్రికకు ‘హాస్యవర్ధని’ యని పేరిడిరి. వీరేశలింగముగారు తమదానికి ‘హాస్యసంజీవని’ యని పేరిడిరి. ఒకరి పత్రిక పేరులోని యుత్తరపదమును రెండవవారు తీసికొని హాస్య శబ్దమునకు తగిలించినారు. ప్రతిపక్షమే హాస్యాస్పదమని వ్యాఖ్యానము లేకయే చెప్పుట యిది. కాని ఈ యెత్తు ఇరువురి చేతను సమానముగా నున్నది. దీనివలన ఏ పక్షమునకును సిద్ధాంతబలము చేకూరలేదు.

అసలు భేదము 1876 నాటి ‘బ్రాహ్మవివాహము’తో కలిగినది. హాస్యసంజీవనిలో ప్రకటితమై, పెద్దయ్యగారి పెండ్లి యని ప్రసిద్ధి కెక్కిన ఈ ప్రహసనమున ముదుసలి యొకడు బాలికను పెండ్లాడ నెంచుట కథావస్తువు. వీరేశలింగముగారు ఇట ప్రతివాది యగు పండితుని వేదిక నెక్కింపలేదు. అతని పక్షము కాపాడుచుండిన యాచారమును ఎక్కించిరి. పాత్రలచేత వాడుకభాష పలికించిరి. గ్రాంథికముననే గాంభీర్యము నిలుపుకొన్న ప్రతిపక్షమునకు దీనితో సమానమైన ప్రత్యుత్తరము దుర్లభమైనది. ఏలయనగా, ఇంటింట వినవచ్చు మాటలనే వేదికపై వినినపుడు శాస్త్రవచనములతో వానిని ఖండించుట సాధ్యము కాదు. ఇట్లు ప్రహసనమున తెరచిన త్రోవనే 1897లో తొలిసారి ముద్రితమైన గురజాడ కన్యాశుల్కము మరింత దూరము నడచినది.

అయినను అపహాసమునకు హద్దు కలదు. నవ్వు అప్పటికే సగము ఒప్పుకొన్నవానిని పూర్తిగా ఒప్పించును, ఒప్పుకొననివానిని కదలింపదు. అమెరికాలో ఫాక్స్ న్యూస్ వాహినిపై 1996 మొదలు 2017 వరకు వాదప్రియుడగు వ్యాఖ్యాతగా ప్రసిద్ధుడైన బిల్ ఓరైలీని అనుకరించి, స్టీఫెన్ కోల్బేర్ 2005 నుండి 2014 వరకు ఒక హాస్య కార్యక్రమమును నడపెను. దానిని చూచినవారిని గూర్చి 2009లో ప్రకటితమైన పరిశోధనమున వింత ఫలిత మొకటి తేలినది. రెండు పక్షములవారికిని ఆ హాస్యము నచ్చినది. కాని సంప్రదాయ పక్షమువారు కోల్బేర్ వేళాకోళము నటన మాత్రమేననియు, పైకి పలుకుచున్నదే అతని నిజాభిప్రాయమనియు ఎక్కువగా భావించిరి. అనుకరణము తనంత తాను ఖండనము కాజాలదని దీనివలన తెలియుచున్నది.

వీరేశలింగముగారు ఈ సంగతి నెరిగినట్లే నడచిరి. నవ్వించుటతో నిలువక, ధవళేశ్వరమున బాలికా పాఠశాలను నెలకొల్పిరి. 1879లో వితంతు వివాహమును గూర్చి శాస్త్రప్రమాణములతో ఉపన్యసించిరి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. ఆక్షేపము తర్కమును, అపహాసము శ్రోతలను, కార్యము ఫలమును సమకూర్చినవి. ఈ మూటిలో కార్యము లేకున్నచో మొదటి రెండును పత్రికల నడుమ కోడిపందెముగానే ముగిసియుండెడివి.

ఆ ఫలమునకు ఏలూరే సాక్ష్యము. స్త్రీలు చదువవచ్చునా యని పండితులు వాదించిన కాలము గడచి మూడు దశాబ్దములైనను కాకమునుపే, 1902లో సత్తిరాజు సీతారామయ్యగారు ఈ పట్టణమున ‘హిందూసుందరి’ యను స్త్రీల మాసపత్రికను స్థాపించిరి. అంతవరకు వాదమునకు విషయమై యుండిన స్త్రీలు దానిలో రచయిత్రులైరి.

బోధకులును పరిశోధకులును గమనింపవలసినది వేరొకటి కలదు. నేడు కొక్కొండవారిని మనము చాల వరకు విజేత కన్నులతోనే చూచుచున్నాము. వీరేశలింగముగారి స్వీయచరిత్రము విరివిగా చదువబడుచున్నది; సంజీవని సంచికలను తెరచువారు అరుదు. తత్ఫలితముగా కొక్కొండవారు గ్రాంథికమే పలుకు ఛాందసులను హాస్యకథలుగా మాత్రము తరగతులలో నిలిచిరి. ఇది ఆచారమును గాక మనిషిని కొట్టిన నవ్వు. వారి వాదమును తిరస్కరింపవలసినవారు సైతము ముందుగా దానిని వారి మాటలలోనే చదువవలెను. అట్లు చదివిన పిమ్మట తిరస్కారము మరింత దృఢమగును గాని సడలదు. బ్రాహ్మవివాహము నేటికిని చదువదగియుండుటకు కారణము అందలి నవ్వు ఒక వ్యక్తిపై గాక దురాచారముపై నిలుచుటయే. వాదప్రియుల వ్యాఖ్యలును వానిపై వెక్కిరింతలును గడియగడియకు తెరపై కానవచ్చుచున్న యీ కాలమున మన విద్యార్థులకు ఈ వివేచనము నేర్పుట తెలుగు శాఖల కర్తవ్యములలో నొకటి.