నేనేమీ నొక్కలేదమ్మా!

కంప్యూటరు మొరాయించిందని ఫోను చేసేవారికి సలహాలు చెప్పే ఉద్యోగం కొన్నేళ్లు చేశాను. ఆ రోజుల్లో నేను ఎక్కువసార్లు విన్న మాట, "నేనేమీ నొక్కలేదమ్మా, దానంతటదే ఇలా అయింది!" అన్నదే. గ్లాసు పగలగొట్టిన పిల్లవాడి గొంతు ఎలా ఉంటుందో, అరవై దాటిన పెద్దమనిషి గొంతూ అప్పుడు అలాగే ఉంటుంది.

మొదట్లో నాకూ విసుగొచ్చేది. ఈ పనిలో ఉన్న చిక్కేమిటంటే, చెప్పేవారికి అవతలివారి తెర కనబడదు. కొత్త కాపురానికి వెళ్లిన అమ్మాయికి ఫోనులో పులిహోర చెప్పడం లాంటిదన్నమాట. పోపు వేగిందో మాడిందో ఆ అమ్మాయి చెబితేనే మనకు తెలియాలి. "నల్లగా ఉందమ్మా" అంటే ఏమనుకోవాలి? ఆవాలా, మూకుడా? "ఇంటర్నెట్ పోయింది" అన్నా ఇంతే. వైఫై ఆగినా, పాస్‌వర్డు తప్పు కొట్టినా, రోజూ నొక్కే బొమ్మ పక్కకు జరిగినా, అందరూ ఆ ఒక్క మాటే అంటారు.

అలాగని తప్పంతా వారిదేననడం న్యాయం కాదు. మేం చెప్పే మాటలూ అలాగే ఉంటాయి మరి. రిటైరైన హెడ్మాస్టరుగారొకరితో "మౌసు కుడివైపు నొక్కండి" అన్నాను. ఆయన బాణం గుర్తును తెర కుడి అంచుకు తీసుకుపోయి నొక్కారు. మళ్లీ అదే చెప్పాను, ఆయన మళ్లీ అలాగే నొక్కారు. పావుగంట పోయాక గాని నాకు బోధపడలేదు, "మౌసుకున్న మీటల్లో కుడిచేతి వైపుది" అని చెప్పాలని! ఇంకొకావిడ "మూసెయ్యండి" అనగానే లాప్‌టాప్ మూతే మూసేశారు. చెప్పింది చెప్పినట్టే చేశారు కదా! ఇది మన తెలుగుతో వచ్చిన తంటా ఒక్కటే కాదు. "ప్రెస్ ఎనీ కీ" అంటే 'ఎనీ' అనే మీట ఎక్కడుందని అడిగేవారి కోసం, అలాంటి మీటేదీ లేదని అమెరికాలో ఒకప్పటి కాంపాక్ కంపెనీ తన ప్రశ్నోత్తరాల్లో రాసిపెట్టింది.

అందుకే ఈ వృత్తిలో కొన్ని మర్యాదలు ఏర్పడ్డాయి. "ప్లగ్గు పెట్టారా?" అని అడిగితే ఎవరైనా రోషంగా "పెట్టకేం!" అంటారు. అలా అడగకుండా, "స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, దుమ్ము తుడిచి మళ్లీ గట్టిగా పెట్టండి" అంటాం. వదులుగా ఉంటే వారే చూసుకుంటారు, పరువూ దక్కుతుంది.

"రీస్టార్ట్ చెయ్యండి" అంటే మాత్రం చాలామందికి ఒళ్లుమంట. దీనికేనా నీకు జీతం అన్నవారూ ఉన్నారు. కంప్యూటరు పనిచేస్తున్నంతసేపూ కావలసినవన్నీ ర్యామ్ అనే తాత్కాలిక జ్ఞాపకంలో పరుచుకుంటుంది. ఏదో ఒక ప్రోగ్రాము మధ్యలో పీటముడి పడితే ఆ ముడి అక్కడే ఉండిపోతుంది. రీస్టార్ట్ చేస్తే అదంతా తుడుచుకుపోయి పని కొత్తగా మొదలవుతుంది. సేవ్ చేసినవి వేరే డిస్కులో ఉంటాయి కాబట్టి వాటికేమీ కాదు, చెయ్యనివి పోతాయి. ఇక్కడ ఇంకో సంగతి. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలు చాలా కంప్యూటర్లు, 'షట్ డౌన్' నొక్కినప్పుడు మళ్లీ త్వరగా లేవడానికని లోపలి వ్యవస్థలో కొంత భాగాన్ని డిస్కులో దాచుకుంటాయి. ముడి అందులో ఉంటే దానితో పాటే అదీ దాగుతుంది. "రాత్రే ఆపాను కదా" అన్నా సరే, మేం రీస్టార్టే నొక్కమనేది అందుకు.

ఇక విసుగు సంగతి. మా పిన్నికి ఫోను రీచార్జి డబ్బు కట్ అయింది గాని రీచార్జి కాలేదు. కొడుకు దూరాన ఉంటాడు. అంతకు ముందు వారమే "ఎన్నిసార్లు చెప్పాలమ్మా!" అన్నాడు. అందుకని వాడినడగక, ఇంటర్నెట్లో వెతికి కనబడిన కస్టమర్ కేర్ నంబరుకు చేసింది. అది దొంగ నంబరు. ఆ మనిషి గంటసేపు "అమ్మా, అమ్మా" అంటూ, ఎక్కడ నొక్కాలో నింపాదిగా చెప్పి, ఫోను తెర అవతలివారికి కనబడేలా చేసే యాప్ ఒకటి పెట్టించాడు. ఆ యాప్‌లు చెడ్డవని కాదు, మేమూ వాడతాం. కాని తెర కనబడితే ఓటీపీ కూడా కనబడుతుంది. ఇలాంటి యాప్ ఒకదానితో జరుగుతున్న మోసం గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. నంబరు కావాలంటే బ్యాంకు కార్డు వెనకో, బిల్లు మీదో చూసుకోవాలి గాని, వెతికితే పైన కనబడిందని నమ్మకూడదు.

నలభై రెండు వేలు పోయాయి. "ఆ అబ్బాయి ఒక్కసారైనా విసుక్కోలేదే" అంటుంది పిన్ని ఇప్పటికీ!

ఇలా డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోను చెయ్యాలి. డబ్బు చేతులు మారకముందే చెబితే దాన్ని ఆపగలిగే అవకాశం ఉంటుంది. పిన్ని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు దాచావంటే, "ఏం నొక్కావమ్మా అంటాడని" అంది.