కాలినడకను కర్నూలు

పట్టణమును బండిలో కూర్చుండి చూచుట వేఱు, నడచి యెఱుగుట వేఱు. కల్లూరిలో కాపురముండు మాకు హంద్రినదికి ఆవలియొడ్డుననే కర్నూలు. అయినను మాలో పలువురకు అచ్చట తెలిసినవి బట్టలయంగడియు వైద్యశాలయు మాత్రమే. ఈ కొఱత తీర్చుకొనదలచి నలుగురు స్నేహితురాండ్రము ఒక ఆదివారము వేకువనే కాలినడకను బయలుదేరితిమి.

హంద్రి దాటి, 1618లో కట్టబడిన అబ్దుల్ వహాబు సమాధి గుమ్మటములను, పిమ్మట అచ్యుతదేవరాయల కాలపు కోటలో మిగిలిన కొండారెడ్డి బురుజును చూచితిమి. 1953 అక్టోబరు మొదలు మూడు సంవత్సరములు ఈ యూరు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానియై యుండెను. ఆ మాట పిల్లలకు పుస్తకము చూచి చెప్పితిమేగాని, ఆ వీథులలో నడచుట మాకదియే మొదలు.

పాతబస్తీ సందులు తుంగభద్రవైపు వాలియున్నవని బండిలో పోవువారికి తెలియదు, పాదములకు తెలియును. 2009 అక్టోబరు వరదలో నీరు ఆ యిండ్లలోనికేల చొచ్చెనో ఆ పల్లమే మాకు బోధించెను. ఏటియొడ్డున నిలిచి కందెనవోలు కథ తలచుకొంటిమి. ఆలంపురపు గుడులకు రాళ్లు తోలు బండ్లవారు ఏరు దాటుటకు ముందు ఇచ్చట చక్రములకు కందెన వేసికొనెడివారట. ఆ పేరే కర్నూలైనదని పెద్దలందురు.

దారిపొడవున "ఎవరింటికమ్మా?" అను ప్రశ్నయే. ఎవరింటికిని గాదు, ఊరు చూచుటకే యనగా నవ్విరి. పురుషుడు ఊరు చూచిన లోకజ్ఞానమనియు, స్త్రీ చూచిన తిరుగుడనియు నెంచుట న్యాయమా? సోదరీమణులారా! ఎండ ముదురకముందే ముగ్గురు నలుగురు కలిసి మీ పట్టణమును నడచి చూడుడు. ఎదిగిన కుమార్తెలను వెంటబెట్టుకొనిపొండు. తన యూరి త్రోవ తానెఱిగిన పిల్ల రేపు మఱియొక యూర బెదరదు.