చర్చల యంత్రం: యూజ్‌నెట్ జీవితకథ

అమెరికాలోని నార్త్ కరొలినా రాష్ట్రంలో, డ్యూక్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ సైన్సు విభాగం 1979లో తమ యంత్రంలోకి యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఏడో వెర్షన్ ఎక్కించింది. దాంతో అంతవరకూ ప్రకటనలు పెట్టుకోవడానికి వాడుతున్న ప్రోగ్రాం పనికిరాకుండా పోయింది. దాని బదులు ఇంకోటి తయారుచేయాలని పూనుకున్నారు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎలిస్ అనే ఇద్దరు విద్యార్థులు. కొత్త యూనిక్స్‌తోపాటు యూయూసీపీ అనే సాధనం కూడా వచ్చింది. ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు ఫోన్ చేసి ఫైళ్లు చేరవేయడం దాని పని. ఆ సౌకర్యం చేతిలో ఉన్నప్పుడు ప్రకటనలు ఒక్క విభాగం నాలుగు గోడల మధ్యే ఎందుకుండాలి? పక్క ఊరు చాపెల్ హిల్‌లోని విశ్వవిద్యాలయానికీ పంపవచ్చు కదా అనుకున్నారు. అక్కడ చదువుతున్న స్టీవ్ బెలోవిన్ తొలి నమూనాను షెల్ స్క్రిప్టుగా రాశాడు. అది బాగా నెమ్మదిగా నడిచేది. తరవాత స్టీఫెన్ డేనియల్ దాన్ని సీ భాషలో తిరగరాశాడు. అదే యూజ్‌నెట్.

కంప్యూటర్ మీద చర్చ అప్పటికి కొత్తేమీ కాదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ప్లేటో వ్యవస్థకు 1973లోనే అలాంటి సదుపాయం ఉంది. 1978లో షికాగోలో ఇద్దరు ఔత్సాహికులు ఫోన్ ద్వారా అందే బులెటిన్ బోర్డు నడిపారు. అయితే అవి ఒక్క కేంద్రం మీద ఆధారపడినవి. ఆ కేంద్రం ఆగిపోతే చర్చా ఆగిపోతుంది. యూజ్‌నెట్‌కు కేంద్రమే లేదు. దాని బలం, దాని పతనం రెండూ అక్కడే మొదలయ్యాయి.

పేదవాళ్ల అర్పానెట్

ఆ రోజుల్లో ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ అమెరికా రక్షణశాఖ సొమ్ముతో నడిచేది. కొన్ని పరిశోధన సంస్థలకే అందులో చోటుండేది. అది దక్కని విశ్వవిద్యాలయాలకు యూజ్‌నెట్‌ను దాని కర్తలు పేదవాళ్ల అర్పానెట్‌గా పరిచయం చేశారు. 1980 జనవరిలో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో జరిగిన యూనిక్స్ వినియోగదారుల సభలో దాని గురించి ప్రకటించారు. చేరడానికి కావలసినవి యూనిక్స్ యంత్రం, ఒక మోడెమ్, ఫోన్ లైను.

మోడెమ్ వేగం సెకనుకు 300 బిట్లు. అంటే సుమారు 30 అక్షరాలు. రెండువేల అక్షరాలున్న పేజీ అవతలికి చేరడానికి నిమిషం పైనే పట్టేది. దూరప్రాంతాల ఫోన్ ఖర్చు ఎక్కువ కాబట్టి రేట్లు తగ్గే రాత్రివేళ యంత్రాలు ఒకదానికొకటి ఫోన్ చేసుకునేవి. మహా అయితే 100 కేంద్రాలు చేరతాయని, రోజుకు ఒకటి రెండు వ్యాసాలు వస్తాయని నిర్మాతల అంచనా. కొన్నేళ్లలోనే ఆ అంచనాలన్నీ తారుమారయ్యాయి.

ఒక మాట ప్రపంచమంతా ఎలా తిరిగేది?

తెలంగాణలో కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు చూసినవాళ్లకు యూజ్‌నెట్ పనితీరు తేలిగ్గా అర్థమవుతుంది. ఎగువ చెరువు నిండితే అలుగు పారి నీళ్లు దిగువ చెరువుకు చేరతాయి. అది నిండాక ఆ దిగువదానికి. యూజ్‌నెట్‌లో ఒక విశ్వవిద్యాలయం యంత్రంలో రాసిన వ్యాసం ముందు ఆ యంత్రంలోనే నిలిచేది. పొరుగు యంత్రంతో సంబంధం కుదిరినప్పుడు దాని నకలు అక్కడికి వెళ్లేది. అది తన పొరుగువాళ్లకు పంపేది. నీటికి దిశ ఒకటే, వ్యాసాలు మాత్రం అన్ని వైపులకూ పారేవి. అందుకే అవి తిరిగి తిరిగి మొదటికే రాకుండా రెండు ఏర్పాట్లు చేశారు. ప్రతి వ్యాసానికీ ప్రపంచంలో మరెక్కడా లేని ఒక గుర్తింపు సంఖ్య ఉండేది. అదే సంఖ్యతో రెండోసారి వస్తే యంత్రం దాన్ని పారేసేది. పైగా వ్యాసం ఏయే యంత్రాల మీదుగా వచ్చిందో దాని తలభాగంలో వరసగా నమోదయ్యేది. ఆ జాబితాలో ఇప్పటికే ఉన్న యంత్రానికి దాన్ని మళ్లీ పంపేవారు కాదు.

ఇందువల్ల ఏ ఒక్క యంత్రం చెడిపోయినా చర్చ ఆగేది కాదు. 1986లో బ్రయన్ కాంటర్, ఫిల్ లాప్స్‌లీ రూపొందించిన ఎన్‌ఎన్‌టీపీ అనే పద్ధతి వచ్చాక ఫోన్ కాల్ కోసం ఎదురుచూడకుండా ఇంటర్నెట్ మీదే వ్యాసాలు ప్రయాణించసాగాయి.

యూజ్‌నెట్‌లోని రెండో గొప్ప ఏర్పాటు జవాబుల వరస. జవాబు రాసేటప్పుడు, అది ఏ వ్యాసానికి జవాబో ఆ గుర్తింపు సంఖ్య తలభాగంలో చేరేది. దాని ఆధారంగా ప్రశ్న, దానికి వచ్చిన జవాబులు, వాటి మీద వచ్చిన ఆక్షేపణలు ఒక చెట్టులా పరచి చూపించే ప్రోగ్రాములు వచ్చాయి. వారం తరవాత వచ్చినవాడు కూడా మొదటినుంచి చదువుకుని, సరిగ్గా తనకు పేచీ ఉన్న చోట జవాబు రాయగలిగేవాడు. ఆలస్యంగా వచ్చినవాడికి చోటివ్వడం ఈ యంత్రంలోని పెద్ద సుగుణమని నా అభిప్రాయం.

మూడోది విషయ విభజన. ఒక్కో విషయానికి ఒక్కో చర్చా గుంపు ఉండేది. 1986-87లో గుంపులన్నిటికీ కొత్త పేర్లు పెట్టి ఏడు శాఖలుగా సర్దారు. కంప్యూటర్లకు కాంప్, శాస్త్రాలకు సై, వినోదానికి రెక్, సమాజానికి సోక్, ఇలా. కొత్త గుంపు పుట్టాలంటే ముందు బహిరంగ చర్చ, తరవాత ఓటింగు. వద్దన్నవాళ్లకంటే కావాలన్నవాళ్లు కనీసం 100 మంది ఎక్కువ ఉండాలి. ఈ పద్ధతి నచ్చనివాళ్లు 1987లో ఓటింగు లేని ఆల్ట్ శాఖను తెరిచారు.

1991 ఆగస్టు 6న టిమ్ బెర్నర్స్-లీ తన వరల్డ్ వైడ్ వెబ్ ప్రాజెక్టును బయటి ప్రపంచానికి పరిచయం చేసింది ఈ ఆల్ట్ శాఖలోని ఒక గుంపులోనే. అదే నెల 25న లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి తాను సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని, సలహాలుంటే చెప్పమని మినిక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టం గురించి చర్చించే గుంపులో అడిగాడు. అదే తరవాత లినక్స్ అయింది.

తెలుగు అక్కడికి వెళ్లింది

అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగువాళ్లకు 1990లలో సోక్ శాఖలో ఒక గుంపు ఉండేది. దాని పేరు సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు. పద్యాలు, సినిమాలు, భాష, రాజకీయాలు అన్నీ చర్చకు వచ్చేవి. అయితే ఒక చిక్కు. ఆ రోజుల్లో యూజ్‌నెట్‌లో నమ్మకంగా ప్రయాణించేవి ఇంగ్లీషు అక్షరాలే. తెలుగు లిపిలో రాయడానికి వీల్లేదు. ఆ అవసరంలోంచి హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి పుట్టింది. ఇంగ్లీషు చిన్న అక్షరానికీ పెద్ద అక్షరానికీ ఉన్న తేడాను వాడుకుని త-ట, ద-డ, న-ణ, ల-ళ వేరుచేసి చూపవచ్చు. ఈ పద్ధతిలో రాసిన పాఠాన్ని ప్రోగ్రాం తెలుగు లిపిలోకి మార్చేది. తరవాత కంప్యూటర్లలో తెలుగు లిపికీ చోటిచ్చే యూనికోడ్ వచ్చింది. అయినా లేఖిని లాంటి సాధనాల్లో ఇవాళ్టికీ ఎందరో తెలుగు టైపు చేసేది ఆ పద్ధతిని అనుసరించే. పదిమంది కూడి మాట్లాడుకునే చోటు ఉండబట్టే ఈ అవసరం బయటపడింది, దానికి పరిష్కారమూ దొరికింది.

మూడు దెబ్బలు

మొదటిది జనప్రవాహం. ప్రతి సెప్టెంబరులో కొత్త విద్యార్థులు విశ్వవిద్యాలయాల్లో చేరి యూజ్‌నెట్‌లోకి వచ్చేవారు. మర్యాదలు తెలియక కొన్నాళ్లు గందరగోళం చేసేవారు. పాతవాళ్లు నేర్పితే సర్దుకునేవారు. 1993-94లో అమెరికా ఆన్‌లైన్ లాంటి సంస్థలు లక్షలాది ఖాతాదారులకు తలుపులు తెరిచాక ఆ సెప్టెంబరు మరి ముగియలేదు. వచ్చినవాళ్లు చెడ్డవాళ్లని కాదు. నేర్పేవాళ్లకంటే నేర్చుకోవలసినవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువయ్యారు, అంతే.

రెండోది స్పాం. 1994 ఏప్రిల్‌లో అరిజోనాకు చెందిన కాంటర్, సీగెల్ అనే న్యాయవాద దంపతులు గ్రీన్ కార్డు లాటరీ దరఖాస్తుల గురించి ఒకే ప్రకటనను ఐదువేలకు పైగా గుంపుల్లో గుప్పించారు. ఆపేవాళ్లెవరు? కేంద్రం లేదు, యజమాని లేడు. రాసినవాడు ఎవరో రూఢి చేసుకునే ఏర్పాటూ లేదు. పంపినవాడికి ఖర్చు దాదాపు సున్నా. దాన్ని మోసి, నిలవచేసే భారమంతా వేలాది కేంద్రాలది.

మూడోది బరువు. అక్షరాల కోసం కట్టిన ఈ దారిలో జనం బొమ్మలు, సినిమాలు, సాఫ్ట్‌వేర్ పంపడం మొదలుపెట్టారు. ప్రతి కేంద్రం అన్నిటినీ నకలు చేసుకోవాలి కదా. నిలవచేసే ఖర్చు, చట్టపరమైన చిక్కులు పెరిగి ఇంటర్నెట్ సంస్థలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. అమెరికా ఆన్‌లైన్ 2005లో ఆపేసింది. 2010 మే 20న, యూజ్‌నెట్ పుట్టిన డ్యూక్ విశ్వవిద్యాలయమే తన సర్వర్‌ను కట్టేసింది.

వారసులు

అప్పటికే చర్చలు వెబ్‌కు మారాయి. 2000 సంవత్సరంలో వచ్చిన పీహెచ్‌పీబీబీ, వీబులెటిన్ లాంటి సాఫ్ట్‌వేర్లతో ఎవరైనా సొంతంగా ఫోరం పెట్టుకోగలిగారు. కార్ల రిపేరు, తోటపని, కెమెరాలు, ఒక్కో జబ్బుతో జీవిస్తున్నవాళ్లు, ఇలా వేల చోట్ల వేల ఫోరాలు వెలిశాయి. యజమాని, మోడరేటర్లు ఉండడంతో స్పాంకు అడ్డుకట్ట పడింది. కానీ సర్వర్ అద్దె ఒక్కడి జేబులోంచి వెళ్లాలి, జీతం లేని మోడరేటర్లు రాత్రింబవళ్లు కాపలా కాయాలి. ఆ ఒక్కడూ విసిగితే పదేళ్ల చర్చ ఒక్క రోజులో మాయం.

పెద్ద సంస్థలను నమ్ముకున్నవాళ్లకూ అదే జరిగింది. రచ్చబండ, ఛందస్సు లాంటి తెలుగు సాహిత్య చర్చలు యాహూ గ్రూప్స్‌లో నడిచాయి. యాహూ పాత పోస్టుల్ని వెబ్‌సైటు నుంచి తొలగిస్తున్నట్టు 2019లో ప్రకటించి, 2020 డిసెంబరు 15న మొత్తం సేవనే మూసేసింది. ఐఎండీబీ తన సినిమా చర్చావేదికలను 2017 ఫిబ్రవరిలోనే తీసేసింది.

ఈలోగా జనం దృష్టిని మరో యంత్రం లాక్కుంది. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ ప్రవేశపెట్టింది. 2009లో లైక్ బటన్ చేర్చింది. ఫోరంలో మనం విషయం దగ్గరికి వెళతాం, ఫీడులో పోస్టులే మన దగ్గరికి వస్తాయి. ఫోరంలో ఎవరైనా జవాబిస్తే పాత చర్చ మళ్లీ పైకొచ్చి అందరికీ ఒకే వరసలో కనిపిస్తుంది. ఫీడులో ఏది ముందు కనిపించాలో ఒక్కో మనిషికి ఒక్కో రకంగా, ఎక్కువసేపు కూర్చోబెట్టే లెక్కతో సంస్థ ప్రోగ్రాం నిర్ణయిస్తుంది. ఓపిగ్గా రాసిన జవాబు రెండు రోజుల్లో కిందికి జారి, వెతికినా దొరకదు. ఫోను తెరిస్తే చాలు, కొత్త ఖాతా, కొత్త పాస్‌వర్డు అక్కర్లేదు. ఆ సులువు ముందు చిన్న ఫోరాలు నిలబడలేకపోయాయి.

ఇవాళ చర్చ ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లో, డిస్కార్డ్‌లో సాగుతోంది. అక్కడ ఆప్యాయతకు, సాయానికి లోటు లేదు. లోటు మరోచోట ఉంది. వరిలో ఒక తెగులు గురించి అనుభవజ్ఞుడైన రైతు వాట్సాప్‌లో ఇచ్చిన సలహా ఆ గ్రూపు దాటదు. సెర్చి ఇంజిన్‌కు అందదు. వచ్చే ఏడాది చేరినవాడికి కనిపించదు. అదే ప్రశ్న మళ్లీ అడగాలి, అతనే మళ్లీ చెప్పాలి. ఏదో ఒక రోజు అతనూ మానేస్తాడు.

ఏం నిలిచింది, ఏం నిలబెట్టాలి

యూజ్‌నెట్‌కు జ్ఞాపకం ఉండాలని దాని నిర్మాతలు అనుకోలేదు. డిస్కు చాలక కొద్ది వారాలకే పాత వ్యాసాలు చెరిపేసేవారు. టొరొంటో విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో కంప్యూటర్లు చూసుకునే హెన్రీ స్పెన్సర్ మాత్రం 1981 నుంచి పదేళ్లపాటు వాటిని అయస్కాంత టేపులకు ఎక్కించాడు. ఆ 141 టేపుల్లో దాదాపు 20 లక్షల సందేశాలు మిగిలాయి. 2001లో డెజా న్యూస్ అనే యూజ్‌నెట్ వ్యాసాల భాండాగారాన్ని కొన్న గూగుల్ ఈ టేపుల్లోని సందేశాలనూ కలిపి అందరికీ తెరిచింది. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ గ్రూప్స్‌లో కొత్త యూజ్‌నెట్ వ్యాసాలు రావడం ఆగింది. పాతవి వెతుక్కోవచ్చు.

ఈ కథ నుంచి నేను తేల్చుకున్నది ఇది. యజమాని లేని వేదికను స్పాం ముంచింది. ఒకే యజమాని ఉన్న వేదిక అతని నిర్ణయంతో మూతపడింది. కాబట్టి చర్చను కాపాడే బాధ్యత ఒకరిదిగా, నకళ్లు పదిమంది దగ్గర ఉండాలి. సాహిత్యమైనా, సేద్యమైనా, వైద్యమైనా, మన గ్రూపుల్లో వచ్చే మంచి జవాబులను నెలకోసారైనా విషయవారీగా సర్ది, యూనికోడ్ తెలుగులో, ఎవరైనా వెతకగలిగే చోట పెట్టే పని ఎవరో ఒకరు తలకెత్తుకోవాలి. ఆ నకలును మరో ఇద్దరు ముగ్గురు దాచుకోవాలి. దీనికి పెద్ద సంస్థ అక్కర్లేదు, గొప్ప సాంకేతికతా అక్కర్లేదు. మనకు తెలియని, ఇంకా రాని ఒక మనిషికి కూడా మన జవాబు అవసరమవుతుందన్న ఎరుక ఉంటే చాలు.