గాలం రాడ్డు కొంటున్నారా? మార్పిడి ఖర్చు కూడా లెక్కేసుకోండి

వెదురు కర్ర ఒకటి, దానికి నైలాను తంగూసు, బెండు ముక్క, సీసం గుండు, కొబ్బరి చిప్పలో నాలుగు వానపాములు. కాలువ గట్టున గాలం వేయడానికి మన పెద్దవాళ్లకి ఇంతకు మించి ఖర్చు ఉండేది కాదు. కర్ర విరిగితే వెదురు పొద దగ్గరికెళ్లి ఇంకోటి నరుక్కొచ్చేవారు. ఇప్పుడు రీలు బిగించిన రాడ్లు ఊళ్లలోకి వచ్చేశాయి. నాట్లు అయ్యాకో, కోతలు అయ్యాకో కాస్త ఖాళీ దొరికితే కుర్రాళ్లు వాటితోనే కొర్రమీనుకీ, పండుగప్పకీ వెళుతున్నారు. రెండు చేపలు పడితే ఇంటికి కూర, నాలుగు పడితే చేతిఖర్చు.

ఎకరం, రెండెకరాల రైతు రాడ్డు మీద రెండున్నర వేలు పెట్టడమంటే ఇంచుమించు రెండు డీఏపీ బస్తాల డబ్బు గట్టున పెట్టడమే. అది ఎనిమిదో నెలలో పుటుక్కున విరిగితే 'వారంటీ ఉందిగా' అనుకుంటాం. వారంటీ అంటే ఊరికే మార్చి ఇవ్వడం కాదని అప్పటికిగానీ తెలియదు. కాబట్టి రాడ్డు ఎంచుకోవడం, వారంటీ చూసుకోవడం రెండూ కొనేరోజే జరగాల్సిన పనులు.

'బాస్' అంటే మన చేప కాదు

దుకాణాల్లో చాలా రాడ్ల మీద 'బాస్' అని రాసి, నోరు పెద్దదిగా ఉన్న చేప బొమ్మ వేసి ఉంటుంది. అది అమెరికా ఖండపు మంచినీటి చేప. మన కృష్ణా పాయల్లో, ఉప్పు కయ్యల్లో దొరికే పండుగప్పని ఆసియా సీబాస్ అంటారు. పేరు కలిసింది గానీ చేప వేరు. పండుగప్ప గుడ్లు పెట్టేది ఉప్పునీటిలో, పెరగడానికి ఏటి మొగల్లోకి, మంచినీటిలోకి ఎక్కివస్తుంది. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ 1997లో దీని పిల్లల్ని హేచరీలో పుట్టించాక మన దేశంలో పెంపకానికి దారి పడింది.

రాడ్డుకి సంబంధించి తెలుసుకోవాల్సింది ఏమిటంటే, పండుగప్ప మొప్ప రేకు అంచు కత్తిలా ఉంటుంది. గాలం పడగానే నీళ్లపైకి ఎగిరి తల విదిలిస్తుంది. సన్న తంగూసు అక్కడే తెగుతుంది. గాలం దగ్గర మూరెడు, రెండు మూరలు లావుపాటి తంగూసు కట్టుకోవాలి. కొర్రమీనుది ఇంకో రకం. గాలం పడితే తిన్నగా గుర్రపుడెక్క కిందికో, జమ్ములోకో దూరుతుంది. దాన్ని ఆపాలంటే రాడ్డు కాస్త బిర్రుగా ఉండాలి.

రాడ్డు మీద రాతలు చదవండి

పిడి పైన చిన్న అక్షరాల్లో కొన్ని గుర్తులుంటాయి. ఎం అంటే మధ్యరకం, ఎంహెచ్ అంటే అంతకంటే గట్టిది, హెచ్ అంటే బాగా గట్టిది. గుడివాడ వైపు డ్రెయిన్లలో, డెక్క పట్టిన కాలువల్లో కొర్రమీనుకైతే ఆరున్నర, ఏడడుగుల ఎంహెచ్ సరిపోతుంది. నాగాయలంక, కోడూరు వైపు పాయ గట్టు మీంచి దూరం విసరాలంటే ఏడు, ఎనిమిదడుగులది కావాలి. వానపాముతో జెల్లలకి, మార్పులకి వెళ్లేవాళ్లు ఇవేవీ కొననక్కర్లేదు. వెదురు కర్రే మేలు.

తంగూసు బలం పౌన్లలో రాసి ఉంటుంది. పౌను అంటే సుమారు 450 గ్రాములు. 20 పౌన్లు అని ఉంటే తొమ్మిది కిలోల లాగుడు. విసిరే ఎర బరువు ఔన్సుల్లో ఉంటుంది. ఔన్సు సుమారు 28 గ్రాములు. అర ఔన్సు వరకే అని రాసిన రాడ్డుతో యాభై గ్రాముల సీసం గుండు విసిరితే కొస విరుగుతుంది. విరిగిన తర్వాత కంపెనీవాడు మొదట అడిగేది కూడా అదే.

రాడ్డు దేనితో చేశారన్నది అసలు సంగతి. ఫైబర్ గ్లాసుది కాస్త బరువు, విల్లులా వంగుతుంది, మొరటు వాడకానికి ఆగుతుంది. కార్బనుది తేలిక, చేప ముట్టినా చేతికి తెలుస్తుంది, ధర ఎక్కువ. అయితే కార్బను రాడ్డుకి రాయి తగిలి చిన్న గంటు పడిందంటే ఆ రోజు ఏమీ కాదు. పది రోజుల తర్వాత చేపని లాగేటప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. అప్పుడు మనం 'సరుకే నాసిరకం' అంటాం, కంపెనీవాడు 'దెబ్బ తగిలింది' అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నామనుకుంటారు. సైకిలు మీదా, మోటారు సైకిలు మీదా కట్టుకుపోయే మనకి ఫైబర్ గ్లాసు, లేదా రెండూ కలిపి చేసినదే మంచిదని నా అభిప్రాయం.

దుకాణంలో నిలబడే చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. తంగూసు దూరే రింగుల్లో కాస్త దూది పెట్టి తిప్పండి. పోగు పట్టుకుంటే రింగు చిట్లినట్టే, తంగూసుని కోసేస్తుంది. రెండు ముక్కల రాడ్డయితే అతుకు దగ్గర బిగించి ఊపండి. టకటకమని చప్పుడు రాకూడదు. రీలు బిగించే మర ఇనుముదా, స్టెయిన్‌లెస్సా చూడండి. దివిసీమ ఉప్పునీటికి ఇనుము ఆర్నెల్లు కూడా ఆగదు. స్టెయిన్‌లెస్ అయినా సరే, ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగాలి.

కరెంటు తీగల దగ్గర జాగ్రత్త

ఇది వారంటీకి సంబంధించింది కాదు గానీ చెప్పకుండా ఉండలేను. కార్బనులో కరెంటు పారుతుంది. మన చేపల చెరువుల మీదుగా, బోదెల మీదుగా తీగలు కిందికి జారి వేలాడుతుండటం మీరూ చూస్తున్నారు. ఏడడుగుల రాడ్డు పైకెత్తి విసిరితే ఎంత ఎత్తుకి పోతుందో ఒకసారి అంచనా వేసుకోండి. పదకొండు కేవీ తీగకి తగలనక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా ప్రమాదమే. తడిసిన ఫైబర్, తడిసిన వెదురు కూడా క్షేమం కాదు. తీగల కింద గాలం వేయొద్దు. ఉరుములు మొదలైతే రాడ్డు కింద పెట్టి గట్టు దిగి ఇంటికి రండి. అలాగే పంచాయతీ చెరువుని సొసైటీవాళ్లో, పాటదారో తీసుకుని ఉంటే వాళ్లని అడగకుండా గాలం వేయడం తగువులకి దారి.

నాకు పడిన ఖర్చు

నా సంగతి చెబుతాను. బిల్లు తీసుకునే 2,200 రూపాయలకి ఒక రాడ్డు కొన్నాను. ఏడాది వారంటీ. ఏడో నెలలో కొసకి జానెడు కిందగా విరిగింది. దుకాణదారు 'మాకు సంబంధం లేదు, కంపెనీకి పంపుకోండి' అన్నాడు. కంపెనీకి ఫొటోలు, బిల్లు పంపాను. విరిగిన ముక్కలు కూడా పంపమన్నారు. కొరియర్‌కి 480. 'నిర్వహణ ఖర్చు' అని కంపెనీకి 550. రెండుసార్లు బస్సు ఎక్కి దిగడానికి 170. మొత్తం 1,200. అయిదు వారాల తర్వాత వచ్చింది నేను కొన్న రకం కూడా కాదు. అది లేదట, ఒక మెట్టు తక్కువది పంపారు. అదే కంపెనీ జాబితాలో పైముక్క ఒక్కటీ విడిగా 700కి ఉందని తర్వాత తెలిసింది. ముందే అడిగి ఉంటే 500 మిగిలేవి, అయిదు వారాలూ కలిసొచ్చేవి.

కొరియర్ అంత ఎందుకయిందంటే, రాడ్డు బరువు అరకిలో లేకపోయినా పొడవుని బట్టి లెక్క కడతారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి చాలా సంస్థలు 5,000తో భాగిస్తాయి. ఏడడుగుల ఒంటి ముక్క రాడ్డుని 213, 10, 10 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే నాలుగు కిలోల పైన బరువుగా లెక్క. అదే రెండు ముక్కలదైతే 110 సెంటీమీటర్ల పెట్టె చాలు, రెండు కిలోల పైచిలుకు. అంటే సగం. ఒంటి ముక్కే బలమని దుకాణదారు చెప్పేది అబద్ధం కాదు. కానీ అది విరిగితే పైముక్క మార్చుకునే వీలూ లేదు, పంపడానికి రెట్టింపు ఖర్చు. చిన్న రైతుకి రెండు ముక్కలదే నయమని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇక మీరు వేసుకోవాల్సిన లెక్క. మార్పిడికి అయ్యే మొత్తం ఖర్చు కొత్త రాడ్డు ధరలో సగం దాటేటట్లయితే ఆ వారంటీకి విలువ సున్నా అనుకోండి. వెయ్యి రూపాయల లోపు రాడ్డుకి వారంటీ కోసమని వంద ఎక్కువ ఇవ్వడం దండగ. ఆ వందతో అదనంగా ఒక కొస రింగు కొనుక్కోండి. కొస దగ్గర బెత్తెడు విరిగితే అక్కడే నున్నగా అరగదీసి కొత్త రింగు అంటించుకోవచ్చు. కాస్త పొట్టిదవుతుంది, కాస్త బిర్రవుతుంది, పని చేస్తుంది. అయితే వారంటీలో పంపదలిస్తే మాత్రం విరిగినదాన్ని ముట్టుకోవద్దు. మీరు అంటించారంటే క్లెయిము పోయినట్టే.

వారంటీ కాగితంలో ఏం చూడాలి

సాధారణంగా తయారీ లోపం ఉంటేనే మారుస్తారు. తలుపులో పడి నలిగినా, కాలికింద పడినా, చేపని రాడ్డుతోనే గట్టు మీదికి ఎత్తినా అది మీ తప్పు కిందికి వస్తుంది. చేపని చేతివలతో ఎత్తండి. రాడ్డుని తలకి మించి వెనక్కి వంచకండి, కొస మీద బరువంతా అక్కడే పడుతుంది. రీలు బిగింపు తంగూసు బలంలో మూడో వంతు మించకుండా చూసుకుంటే చేప లాగినప్పుడు తంగూసు వదులుతుంది, రాడ్డు బతుకుతుంది.

'లైఫ్ టైం' అని రాసి ఉంటే సంబరపడకండి. చాలామంది తయారీదారుల షరతుల్లో అది మొదట కొన్న మనిషికే వర్తిస్తుంది, చేతులు మారితే చెల్లదు. మనవైపు ఇంకో మాట ఉంది. అమెరికాలో ఉన్న మేనల్లుడో, అల్లుడో ఖరీదైన రాడ్డు తెచ్చి ఇస్తాడు. దాని వారంటీ తరచుగా అమ్మిన దేశంలోనే చెల్లుతుంది. అక్కడైనా మార్పిడికి డాలర్లలో రుసుము, పంపే ఖర్చు మనవే. ఆ రాడ్డుని వారంటీ లేనిదిగానే చూసుకోండి. దాని బిల్లు మాత్రం అబ్బాయి దగ్గరే ఉంచమనండి, మళ్లీ వచ్చేటప్పుడు పనికొస్తుంది.

కొనేటప్పుడు నాలుగు మాటలు అడిగి, జవాబు బిల్లు మీదే రాయించుకోండి. విరిగితే దుకాణమే తీసుకుంటుందా, మనమే పంపాలా? రానూపోనూ కొరియర్ ఎవరిది? కంపెనీ రుసుము ఎంత? పైముక్క విడిగా దొరుకుతుందా, ధరెంత? 'అవన్నీ ఎందుకండీ, మేమున్నాంగా' అన్నవాడి దగ్గర కొనకపోవడమే మంచిది. ఫోన్లో ఆర్డరిస్తే పెట్టె విప్పేటప్పుడు మొదటినుంచీ వీడియో తీయండి. దారిలో విరిగిందో, మీ దగ్గర విరిగిందో తేల్చేది అదే.

బిల్లు ఇవ్వకపోతే, మార్చనంటే

2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోగా వాపసు తీసుకోననడమూ అంతే. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని గోడ మీద బోర్డు ఉన్నంత మాత్రాన లోపమున్న సరుకు మీకు అంటగట్టడానికి వీల్లేదు. చేపలు అమ్ముకుంటున్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదని ఎవరైనా అంటే నమ్మొద్దు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నవారికీ చట్టం వర్తిస్తుంది. స్ప్రేయరు, మోటారు, చెరువులో వేసే ఏరేటరు, అన్నిటికీ ఇదే చట్టం.

ముందు దుకాణానికి, కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. వాట్సాప్ సందేశమైనా దాచండి. తర్వాత 1915 నంబరుకి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు కంపెనీతో మాట్లాడతారు. అప్పటికీ తేలకపోతే మచిలీపట్నంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. కంపెనీ ఎక్కడున్నా మీరు ఉండే చోటే కేసు వేసుకునే వీలు కొత్త చట్టం ఇచ్చింది. అయిదు లక్షల లోపు సరుకుకి రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఇబ్బంది జరిగిన రెండేళ్లలోపు వేయాలి. వెయ్యి రూపాయల రాడ్డుకి బందరు నాలుగుసార్లు తిరగడం దండగ అనిపించవచ్చు, నిజమే. అలాంటప్పుడు 1915 దగ్గరే గట్టిగా పట్టుబట్టండి.

చివరగా ఒక చవక ఉపాయం. బోరుకి వేయగా మిగిలిన పీవీసీ పైపు ముక్క ఇంట్లో ఉంటే రెండు ముక్కల రాడ్డుకి సరిపడా కోసి, రెండువైపులా మూత బిగించుకోండి. మోటారు సైకిలు మీద అందులోనే తీసుకెళ్లండి, ఇంట్లో అటక మీద అందులోనే పెట్టండి. ఎప్పుడైనా కంపెనీకి పంపాల్సి వచ్చినా అదే పెట్టె. దారిలో ఇంకో ముక్క విరగదు.