అంకెలకు అద్దము

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని పత్తి వ్యాపారమునకును, ఎమ్మిగనూరు చేనేతకును పేరెన్నిక గన్నవి. మాచాని సోమప్పగారి పూనికతో 1938లో నేతగాండ్ర సహకార సంఘము వెలసిన ఊరు ఎమ్మిగనూరు.

నేతలో పూవులు, లతలు దింపువారు ముందుగా గళ్ళ కాగితముపై నమూనాను వ్రాసికొందురు. నిలువు వరుస పడుగు పోగునకును, అడ్డు వరుస పేక పోగునకును గుర్తు. ఒక గడి తప్పినచో ఆ తప్పు బట్టలో పూవు వేసిన చోటనెల్ల కనబడును. శాస్త్రవిషయములను తెలుపు రేఖాచిత్రమును అట్టిదే. అందలి ప్రతి గీతయు ఒక కొలతకు గుర్తు కావలెను.

చక్కని చిత్రమునకు గల శక్తి గొప్పది. క్రిమియా యుద్ధమున గాయములచే కంటె నివారింపదగిన వ్యాధులచేతనే సైనికులు ఎక్కువగా మరణించిరని ఫ్లారెన్స్ నైటింగేల్ 1858లో రంగుల చిత్రములతో చూపెను. పట్టికలలో అణగియున్న సత్యము అందరి కన్నులకును కట్టినది.

అయితే చిత్రము మోసగింపనూ గలదు. క్వింటాలు పత్తి ధర సోమవారము 7000 రూపాయలు, మంగళవారము 7140 రూపాయలు అనుకొందము. పెరిగినది నూటికి రెండు మాత్రమే. కొలతను సున్న నుండి గాక 6900 నుండి మొదలిడి రెండు నిలువు కమ్మీలు గీచినచో, రెండవది మొదటిదానికి రెట్టింపు కంటె పొడవుగా కనబడును. అది చూచి ఆశపడిన రైతు సరుకు దాచి నష్టపోవచ్చును. కావున కమ్మీలు సున్న నుండియే లేవవలెను.

ఏమి చూపవలెనో ఎరుగుట మరియొక నియమము. రెండేండ్లలోను 500 మిల్లీమీటర్ల వానయే కురిసినదనుకొందము. ఒక ఏడు అది జూను నుండి సెప్టెంబరు వరకు సమముగా కురిసినది. మరొక ఏడు రెండు తుపానులలోనే కురిసిపోయినది. ఏటికొక కమ్మీ గీచిన రెండును సమానమే. నెలకొక కమ్మీ గీచిననే పైరు ఎండిన కారణము తెలియును.

చిత్రమునకు పేరు, కొలత ప్రమాణము, సంవత్సరము, అంకెలు లభించిన చోటు తప్పక వ్రాయవలెను. అనవసరమైన రంగులును, నగిషీలును విడువవలెను.

నేతగాడు తప్పు పోగును విప్పి మరల నేయగలడు. తప్పు చిత్రమును నమ్మి విత్తనము చల్లిన రైతు పోయిన కారును మరల తెచ్చుకొనలేడు.