చేతి వణుకు వయసు వల్లనేనా? గడ్డిమందుకు, మెదడుకు లింకు ఇదీ



వీడియోలో కనిపించే పెద్దాయన మా పెద్దబాపు. సింగరేణి బొగ్గుబాయిల పనిచేసి రిటైరయినంక, గోదావరిఖని పక్కన రెండెకరాల పత్తి పెట్టిండు. మొదట కుడిచేతి బొటనవేలు వణికింది. తర్వాత అంగీ గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టేది. 'వయసు మీద పడ్డది' అనుకుని రెండేళ్లు ఊకున్నం. చివరికి డాక్టర్ చెప్పిన పేరు పార్కిన్సన్స్.

మెదడు అడుగున నల్లగా ఉండే చిన్న భాగంలోని కణాలు డోపమైన్ తయారుచేస్తాయి. మన కదలికలు సాఫీగా సాగేది దానివల్లే. వణుకు బయటపడేసరికి ఆ కణాల్లో సగం దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే చచ్చిపోయి ఉంటాయి. అవి తిరిగి రావు. అల్జీమర్స్ ఎక్కువగా జ్ఞాపకం దగ్గర మొదలైతే, ఇది కదలిక దగ్గర బయటపడుతుంది.

కారణం ఒక్కటే కాదు. వయసు, జన్యువులు, తలకు గట్టి దెబ్బలు, వీటితోపాటు కొన్ని మందులు. పారాక్వాట్ అనే గడ్డిమందు కణాల్లో విషపు ఆక్సిజన్ పుట్టించి వాటిని దెబ్బతీస్తుంది. రోటినోన్ అనే పురుగుమందు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను ఆపేస్తుంది. ఈ రెండింటిలో ఏది వాడినవాళ్లలోనైనా పార్కిన్సన్స్ సుమారు 2.5 రెట్లు ఎక్కువగా కనిపించిందని 2011లో అమెరికాలో వచ్చిన అధ్యయనం చెప్పింది. యూరప్‌లో 2007 నుంచి, కేరళలో 2011 నుంచి పారాక్వాట్‌కు అనుమతి లేదు.

మనం గమనించాల్సింది ఇంకోటుంది. రోటినోన్ ఫ్యాక్టరీల పుట్టింది కాదు, డెర్రిస్ మొక్క వేర్ల నుంచి తీసింది. ఒకప్పుడు సేంద్రియ సాగులోనూ వాడారు. అందుకే 'కషాయమే కదా' అని మూతికి గుడ్డ లేకుండా, ఉత్త చేతులతో ఏదీ కొట్టకండి.

దూలగొండి గింజల్లో ఈ జబ్బు మందైన ఎల్-డోపా ఉన్నది నిజమే. కానీ గింజ గింజకూ మోతాదు మారుతుంది. డాక్టర్‌ను అడగకుండా పొడి మింగొద్దు.

వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో చేతులు కాళ్లు విసరడం వణుకు కంటే ఏళ్ల ముందే రావచ్చు. వీటితోపాటు నడక, చేతిరాత మారితే న్యూరాలజిస్టుకు చూపించండి.

ఒక మాట దాచను. డిప్లొమా అయినంక నేను కొన్నాళ్లు మందుల షాపులో పనిచేసిన. పెద్దబాపుకు గడ్డిమందు డబ్బాలు ఇచ్చింది నేనే. ఆయన జబ్బుకు అదే కారణమని ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేడు, కాదనీ చెప్పలేడు. ఇప్పుడు ఆ రెండెకరాల్లో గుంటుక తోలుతున్న, ఆకులు పరిచి కలుపు ఆపుతున్న. ఎట్లనో వీడియోలో చూడండి.